తనను తాను తినే కణం: ఆటోఫజీ, కణమరణం, క్యాన్సర్

“ఉపవాసం ఉంటే ఒంట్లో కణాలు క్యాన్సర్‌ని తినేస్తాయి. ఇది కనిపెట్టిన జపాన్ సైంటిస్టుకి నోబెల్ ఇచ్చారు.” ఈ మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులో కూడా ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. ఇందులో నోబెల్ మాట నిజం. జపాన్ మాట నిజం. కణాలు తినడం కూడా నిజమే. తేడా అంతా ఎవరు ఎవర్ని తింటున్నారు, దానివల్ల ఎవరికి లాభం అన్న దగ్గరే ఉంది. ఆ తేడా తెలియకపోతే వ్యవహారం కీమో తీసుకుంటున్న మనిషి చేత తిండి మాన్పించేదాకా వెళ్తుంది.

నేను మెకానికల్ స్టూడెంట్‌ని. మనలో చాలామంది ఎంపీసీ బ్యాచ్, టెన్త్‌తోనే బయాలజీకి దండం పెట్టేసినవాళ్లం. పోయిన సెమిస్టర్‌లో ‘బయాలజీ ఫర్ ఇంజనీర్స్’ సబ్జెక్టు వచ్చినప్పుడు అందరిలాగే నేనూ పాస్ మార్కుల కోసమే పుస్తకం తెరిచాను. కానీ కణం గురించి చదువుతుంటే అది అచ్చంగా మన సబ్జెక్టులాగే అనిపించింది. సెన్సర్లు, స్విచ్‌లు, ఫీడ్‌బ్యాక్, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అన్నీ ఉన్నాయి. అందుకే ఈ సంచికకి ఈ పాఠం రాస్తున్నాను. బయాలజీ రాదని భయపడక్కర్లేదు, మొదటి నుంచీ చెప్పుకుంటూ వెళ్దాం.

పేరు ఎలా వచ్చింది?

బెల్జియం శాస్త్రవేత్త క్రిస్టియన్ డి డూవ్ 1955లో కణం లోపల లైసోసోమ్ అనే ఒక చిన్న సంచిని గుర్తించారు. దాని నిండా జీర్ణం చేసే ఎంజైములు ఉంటాయి. అంటే కణానికి అది పొట్ట లాంటిది. కణం బయటి నుంచి వచ్చినవాటినే కాకుండా తన సొంత భాగాలను కూడా ఈ పొట్టలో వేసి అరిగించుకుంటోందని తెలిశాక, 1963లో ఆయనే దానికి ‘ఆటోఫజీ’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఆటో అంటే తాను, ఫాగీన్ అంటే తినడం. మనం తెలుగులో స్వీయభక్షణం అనుకోవచ్చు. డి డూవ్‌కి 1974లో నోబెల్ వచ్చింది.

పేరైతే పెట్టారు గానీ, ఇది ఎలా జరుగుతుందో, ఏ జన్యువులు నడిపిస్తాయో దాదాపు మూడు దశాబ్దాలు ఎవరికీ పెద్దగా అంతుపట్టలేదు. ఆ ముడి విప్పింది యోషినోరి ఓసుమి. 1988లో టోక్యో యూనివర్సిటీలో సొంత ల్యాబ్ మొదలుపెట్టి, బ్రెడ్డు పిండి పొంగడానికి వేసే యీస్ట్ మీద పనిచేశారు. ఆయన వేసిన ఎత్తు చూడండి. యీస్ట్‌లో లైసోసోమ్‌కి బదులు వాక్యూల్ అనే సంచి ఉంటుంది. ఆ సంచిలో అరిగించే ఎంజైములు లేని యీస్ట్‌ని తీసుకుని, దానికి ఆహారం ఆపేశారు. ఆటోఫజీ నిజంగా జరుగుతుంటే సరుకు లోపలికి వస్తుంది కానీ అరగదు, కాబట్టి పేరుకుపోవాలి. కొన్ని గంటల్లోనే సంచి నిండా చిన్నచిన్న గోళాలు మామూలు మైక్రోస్కోపులో కనపడ్డాయి. తూము మూసేస్తే కాలవలో నీళ్లు పారుతున్న సంగతి బయటపడినట్టు అన్నమాట. ఈ ఫలితం 1992లో అచ్చయింది. 1993లో ఆటోఫజీకి అవసరమైన 15 జన్యువుల జాబితా ఇచ్చారు. 2016లో వైద్య నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఓసుమి పస్తు పెట్టింది యీస్ట్‌ని. ఆ ప్రయోగంలో మనిషి లేడు, క్యాన్సరూ లేదు.

కరువొస్తే కణం ఏం చేస్తుంది?

ఇంట్లో కరువొస్తే ఏం చేస్తాం? ముందు పాత సామాన్లు, విరిగిన ఇత్తడి బిందెలు తీసి అమ్ముతాం. ఆ డబ్బుతో బియ్యం కొంటాం. కణం చేసేది కూడా అదే. పాడైన ప్రోటీన్లు, అరిగిపోయిన మైటోకాండ్రియా లాంటివి ఏరి, విడగొట్టి, అందులోంచి వచ్చిన అమైనో ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలతో మళ్లీ బతుకుతుంది. మామూలు రోజుల్లో కూడా ఈ పని కొద్దికొద్దిగా జరుగుతూనే ఉంటుంది, ఇల్లు ఊడ్చుకున్నట్టు. కరువులో ఒక్కసారిగా పెరుగుతుంది.

కరువొచ్చిందని కణానికి ఎలా తెలుస్తుంది? దానికి రెండు ముఖ్యమైన సెన్సర్లు ఉన్నాయి. మొదటిది ఎమ్‌టార్. అమైనో ఆమ్లాలు, ఇన్సులిన్ సంకేతాలు బాగా అందుతుంటే ఇది ఆన్‌లో ఉంటుంది, “పెరుగు, కట్టు” అని చెబుతూ ఆటోఫజీని తొక్కిపెడుతుంది. రెండోది ఏఎమ్‌పీకే. కణానికి ఇంధనం లాంటిది ఏటీపీ. అది ఖర్చయిపోతున్నకొద్దీ ఏఎమ్‌పీ అనే అణువు పెరుగుతుంది. ఆ పెరుగుదలని పసిగట్టి ఏఎమ్‌పీకే ఆన్ అవుతుంది, ఆటోఫజీని మొదలుపెట్టిస్తుంది. ఇంధనం ముల్లు కిందికి పడగానే వెలిగే ఎర్ర లైటు ఇది. ఈ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో కనుగొన్న ఇద్దరిలో ఒకరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, రెండోవారు సైరస్ ఫిస్కే. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా కనుగొన్నారు. సుబ్బారావు గారి పేరు ఈ పాఠంలో ఇంకోసారి వస్తుంది.

సిగ్నల్ రాగానే కణంలో ఒక పొర దొప్పలాగా వంగి, పాడైన భాగం చుట్టూ పెరుగుతూ పోయి, చివరికి మూతిపడి రెండు పొరల సంచి అవుతుంది. దాన్ని ఆటోఫాగోసోమ్ అంటారు. ఆ సంచి వెళ్లి లైసోసోమ్‌తో కలుస్తుంది. లైసోసోమ్ లోపల బాగా పులుపు, అంటే ఆమ్లం. ఆ ఆమ్లంలోనే ఎంజైములు పనిచేస్తాయి. ఈ పులుపు సంగతి కూడా గుర్తుంచుకోండి, మందుల దగ్గర పనికొస్తుంది.

ఇది ఎంత అవసరమో 2004లో జపాన్ శాస్త్రవేత్తలు ఎలుక పిల్లల్లో చూపించారు. పుట్టగానే బొడ్డుతాడు తెగి తల్లి నుంచి ఆహారం ఆగిపోతుంది. పాలు కుదురుకునేలోపు ఉన్న ఆ చిన్న కరువుని పిల్ల ఆటోఫజీతోనే దాటుతుంది. ఏటీజీ5 అనే ఆటోఫజీ జన్యువు లేని పిల్లలు పుట్టిన ఒక్కరోజులోనే చనిపోయాయి.

కణం ఎలా చచ్చిపోతుంది?

మన ఒంట్లో రోజూ కొన్ని వేల కోట్ల కణాలు చనిపోతుంటాయి. మనకి తెలియను కూడా తెలియదు. ఎందుకంటే అది గొడవ లేని చావు. కణం ముడుచుకుని, తన డీఎన్ఏని తనే ముక్కలు చేసుకుని, చిన్న పొట్లాలుగా విడిపోతుంది. చుట్టుపక్కల కణాలు ఆ పొట్లాలను మింగేస్తాయి. 1972లో జాన్ కెర్, ఆండ్రూ వైలీ, అలిస్టర్ కరీ అనే ముగ్గురు దీనికి ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు రాలడానికి గ్రీకులో ఉన్న మాట అది. పండుటాకు రాలితేనే చెట్టుకి మేలు కదా, అలాగన్నమాట. పిండంలో మన చేతివేళ్లు విడివిడిగా వచ్చింది కూడా వేళ్ల మధ్య కణాలు ఇలా రాలిపోబట్టే.

ఈ రాలిపోవడం ఎంత లెక్క ప్రకారం జరుగుతుందో చెప్పడానికి ఒక మిల్లీమీటరు పొడవుండే సీ. ఎలెగాన్స్ అనే పురుగు మంచి ఉదాహరణ. అది పెరిగేటప్పుడు 1090 శరీర కణాలు పుడతాయి. వాటిలో సరిగ్గా 131 చనిపోతాయి, 959 మిగులుతాయి. ప్రతి పురుగులోనూ దాదాపు అవే కణాలు, అదే సమయంలో. ఈ పురుగు మీద చేసిన పనికి బ్రెనర్, హార్విట్జ్, సల్‌స్టన్ లకు 2002లో నోబెల్ ఇచ్చారు.

గొడవతో కూడిన చావు కూడా ఉంది. దెబ్బ తగిలో, రక్తం అందకో కణం ఉబ్బి పగిలిపోతుంది. దాన్ని నెక్రోసిస్ అంటారు. లోపలి సరుకంతా బయటపడి చుట్టూ వాపు వస్తుంది. ఇవి కాక ఇనుము వల్ల కణపు పొరలు చెడి జరిగే ఫెరోప్టోసిస్ లాంటి రకాలు కూడా ఉన్నాయి. దాని పేరు పుట్టింది 2012లోనే. మనకి ప్రస్తుతానికి అపోప్టోసిస్ చాలు.

దాని వైరింగ్ క్లుప్తంగా ఇది. కణం బాగా దెబ్బతిన్నప్పుడు మైటోకాండ్రియా గోడకి చిల్లులు పడతాయి. అందులోంచి సైటోక్రోమ్-సి అనే ప్రోటీన్ బయటికి కారుతుంది. అది కాస్పేస్ అనే కత్తెరలను నిద్రలేపుతుంది. అవి కణాన్ని లోపలి నుంచి కత్తిరించేస్తాయి. ఆ చిల్లులు పడకుండా కాపలా కాసేది బీసీఎల్-2 అనే ప్రోటీన్. డీఎన్ఏ దెబ్బతింటే “ఆగు, బాగుచేసుకో, కుదరకపోతే చావు” అని ఆర్డరేసేది పీ53.

క్యాన్సర్ ఇక్కడే వేలు పెడుతుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో పీ53 జన్యువు చెడిపోయి ఉంటుంది. బీసీఎల్-2 సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1980లలో ఒక రకం లింఫోమాలో దాన్ని కనుక్కున్నప్పుడు, ఇది కణాలను వేగంగా విభజించే జన్యువు కాబోలు అనుకున్నారు. 1988లో ఆస్ట్రేలియాలో డేవిడ్ వాక్స్ బృందం అసలు విషయం చూపించింది. అది కణాలను విభజించట్లేదు, చావనివ్వట్లేదు. మనకిది థర్మోలో మొదటి వారం నేర్పిన బ్యాలెన్స్ ఈక్వేషనే. ట్యాంకులో నీరు పెరగాలంటే పంపు స్పీడ్ పెంచక్కర్లేదు, కింద పైపు మూసేసినా చాలు. కణితి పెరగడమంటే పుట్టుకలు ఎక్కువవడమే కాదు, చావులు తగ్గడం కూడా.

రెండిటికీ మధ్య ఒకే స్విచ్

ఇప్పటిదాకా తినడం వేరు, చావడం వేరు అన్నట్టు చెప్పాను. నిజానికి రెండూ ఒకే బోర్డు మీద ఉన్నాయి. ఆటోఫజీ మొదలవడానికి బీక్లిన్-1 అనే ప్రోటీన్ కావాలి. కడుపు నిండుగా ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని కూర్చునేది ఎవరో తెలుసా? చావుని ఆపే బీసీఎల్-2నే. ఆకలి మొదలవగానే బీసీఎల్-2 దాన్ని వదిలేస్తుంది, ఆటోఫజీ నడుస్తుంది. పరిస్థితి చెయ్యిదాటి కాస్పేస్ కత్తెరలు లేచాయనుకోండి, అవి బీక్లిన్-1ని కత్తిరించేస్తాయి. అంటే “ఇక బతికే ప్రయత్నాలు చాలు” అని. కొంత దెబ్బ వరకు తినడం, ఆపైన చావడం. ఆ హద్దు ఎక్కడుందన్నదే క్యాన్సర్ వైద్యానికి అసలు ప్రశ్న.

చాలాకాలం ఇక్కడొక గందరగోళం నడిచింది. చనిపోతున్న కణాల్లో ఆటోఫజీ సంచులు విపరీతంగా కనపడేసరికి, ఆటోఫజీయే కణాన్ని చంపుతోందని అనుకున్నారు. ఆ తరవాత చాలా సందర్భాల్లో ఆటోఫజీని ఆపి చూస్తే కణాలు ఇంకా తొందరగా చచ్చిపోయాయి. మంట దగ్గర ఫైరింజన్ కనపడిందని, మంట పెట్టింది ఫైరింజనే అంటామా? అది ఆర్పడానికి వచ్చింది. నిజంగా ఆటోఫజీ వల్లే కణం చనిపోయే సందర్భాలు ఉన్నాయి కానీ అవి తక్కువ.

క్యాన్సర్ రాకముందు: కాపలాదారు

1999లో అమెరికాలో బెత్ లెవైన్ అనే డాక్టరమ్మ బృందం ఒక పేపర్ ప్రచురించింది. రొమ్ము క్యాన్సర్ కణాల్లో బీక్లిన్-1 తక్కువగా ఉంది. దాన్ని తిరిగి పెంచితే ఆటోఫజీ పెరిగింది, ఆ కణాలు ఎలుకల్లో కణితులు కట్టడం తగ్గింది. 2003లో, రెండు బీక్లిన్-1 కాపీల్లో ఒకటి తీసేసిన ఎలుకలకు కణితులు ఎక్కువగా వచ్చాయని తేలింది. ఆటోఫజీకీ క్యాన్సర్‌కీ ఉన్న లింకు అలా బయటపడింది. ఆ తరవాత ఒక అభ్యంతరం కూడా వచ్చింది. మనిషి 17వ క్రోమోజోమ్ మీద బీక్లిన్-1 పక్కింట్లోనే బీఆర్‌సీఏ1 అనే ప్రసిద్ధ రొమ్ము క్యాన్సర్ జన్యువు ఉంటుంది. ఆ ముక్క పోయినప్పుడు రెండూ కలిసి పోతాయి, మరి నేరం ఎవరిది? ఈ వాదన ఉన్నా, మూల విషయం మాత్రం నిలబడింది. ఇల్లు ఊడవకపోతే చెత్త పేరుకుంటుంది. పాడైన మైటోకాండ్రియా నుంచి వచ్చే రసాయనాలు డీఎన్ఏని గీకుతాయి, వాపు వస్తుంది, తప్పులు పెరుగుతాయి, ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ మొదలవుతుంది. కాబట్టి ఆరోగ్యంగా ఉన్న కణంలో ఆటోఫజీ మన పక్షమే.

వచ్చాక: కంచే చేను మేస్తుంది

ఇప్పుడు 2011లో వచ్చిన ఇంకో ఎలుకల ప్రయోగం చూడండి. ఒంట్లో అక్కడక్కడా కణాల్లో ఏటీజీ5 జన్యువుని తీసేశారు. అనుకున్నట్టే కాలేయంలో చాలా కణితులు వచ్చాయి. కానీ అవన్నీ అపాయం లేని రకంగానే ఉండిపోయాయి, అసలు క్యాన్సర్‌గా ముదరలేదు. అంటే ఆటోఫజీ లేకపోతే కణితి మొదలవుతుంది, అదే ఆటోఫజీ లేకపోతే కణితి ముందుకీ పోలేకపోతోంది. నాకు ఈ పాఠం మొత్తంలో అన్నిటికన్నా నచ్చిన ఫలితం ఇదే.

కారణం ఆలోచిస్తే తెలిసిపోతుంది. గబగబా పెరిగే కణితి నడిమధ్యలో రక్తనాళాలు సరిగ్గా ఉండవు. అక్కడ ఆక్సిజన్ తక్కువ, తిండి తక్కువ. ఎప్పుడూ కరువే. ఆ కరువులో బతకాలంటే ఆటోఫజీ కావాలి. ఐలీన్ వైట్ బృందం 2006లో ఇది చూపించింది. చావడం చేతకాని కణితి కణాలు ఆకలి వేళల్లో తమని తాము కొంచెం కొంచెం తింటూ చిక్కిపోయి, మళ్లీ తిండి దొరగ్గానే లేచి పెరిగాయి.

క్లోమగ్రంథి క్యాన్సర్ ఇందులో మరీ మొండిది. ఆ రోగుల్లో నూటికి తొంభై మందికి పైగా కేరాస్ అనే జన్యువు చెడి ఉంటుంది. ఈ కణాల్లో తిండి ఉన్నా లేకపోయినా ఆటోఫజీ ఎప్పుడూ ఎక్కువగానే నడుస్తుందని 2011లో తేలింది. 2020లో ఇంకో సంగతి బయటపడింది. కణాలన్నీ తమ బయటి గోడ మీద ఎమ్‌హెచ్‌సీ-1 అనే గుర్తింపు కార్డు లాంటిది పెట్టుకుంటాయి. దాన్ని చూసే మన రోగనిరోధక కణాలు తేడాగా ఉన్నవాటిని పట్టుకుంటాయి. క్లోమ క్యాన్సర్ కణాలు ఆ కార్డులనే ఆటోఫజీతో తినేస్తున్నాయి. ఇక పోలీసు ఎవర్ని పట్టుకుంటాడు? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నది ఇలాంటివాళ్ల గురించే.

గమనిస్తే, ఆటోఫజీ తన గుణం ఎక్కడా మార్చుకోలేదు. ఏ కణంలో ఉంటే ఆ కణాన్ని బతికించడమే దాని పని. మంచి కణంలో ఉంటే మనకి మేలు, క్యాన్సర్ కణంలో ఉంటే క్యాన్సర్‌కి మేలు.

మందులు ఎందుకు లొంగదీయలేవు?

ఇక్కడ సుబ్బారావు గారి దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన లెడర్లీ ల్యాబ్స్‌లో పనిచేసే రోజుల్లో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే అణువులు తయారయ్యాయి. విభజన చెందే కణానికి డీఎన్ఏ కట్టుకోవాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని అడ్డుకుంటే వేగంగా విభజించే ల్యుకేమియా కణాలు చావాలి. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అలాంటి అమినోప్టెరిన్‌ని 16 మంది పిల్లలకు ఇచ్చారు. వాళ్లలో 10 మందికి మెరుగైంది. అప్పటిదాకా ఆ జబ్బుకి చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి ఇది అద్భుతమే. కానీ 1948లో వచ్చిన ఆ పేపర్ శీర్షికలోనే ‘తాత్కాలిక’ అన్న మాట ఉంది. జబ్బు వెనక్కి తగ్గింది, మళ్లీ వచ్చింది. ఆధునిక కీమోథెరపీ, మందుకు లొంగకపోవడం రెండూ ఒకే పేపర్‌తో మన ముందుకొచ్చాయి. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ని ఇప్పటికీ పిల్లల ల్యుకేమియాలో ఇతర మందులతో కలిపి వాడుతున్నారు.

క్యాన్సర్ మందుని తప్పించుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. మందు దాడిచేసే ప్రోటీన్‌ని ఎక్కువ కాపీలు తయారుచేసుకోవడం ఒకటి. మెథోట్రెక్సేట్ విషయంలో ఇది 1978లోనే తెలిసింది. మందుని పంపు పెట్టి బయటికి తోడెయ్యడం ఇంకొకటి. పీ53 చెడితే చావు ఆర్డరే రాదు. వీటి పక్కన ఆటోఫజీ కూడా ఒక దారి. 

అదెలాగో అడుగులవారీగా చూద్దాం. కీమో గానీ రేడియేషన్ గానీ కణాన్ని చాలావరకు నేరుగా చంపవు. గట్టిగా దెబ్బకొడతాయి, ఆ దెబ్బకి కణం తనంతట తాను అపోప్టోసిస్‌లోకి పోవాలి. దెబ్బ తగలగానే ఇంధనం పడిపోతుంది, ఏఎమ్‌పీకే లైటు వెలుగుతుంది, ఆటోఫజీ మొదలవుతుంది. చిల్లులు పడబోతున్న మైటోకాండ్రియాని ముందే ఏరి తినేస్తుంది. దాంతో సైటోక్రోమ్-సి కారదు, కత్తెరలు లేవవు. కణం చిక్కి, మూలన నక్కి, మందు సైకిల్ అయిపోయేదాకా కాచుకుంటుంది. అన్ని కణాలూ ఇలా తప్పించుకోవు. కానీ నూరు కోట్లలో కొన్ని మిగిలినా జబ్బు తిరగబెట్టడానికి చాలు.

మరి ఆటోఫజీని ఆపేస్తే?

సరిగ్గా ఇదే ప్రయత్నించారు. మందు కొత్తది కూడా కాదు, కరోనా టైములో పిల్లల నోట కూడా పలికిన హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియాకి, లూపస్‌కి, కీళ్లవాతానికి వాడే మాత్ర. ఇది లైసోసోమ్‌లోకి వెళ్లి అక్కడి పులుపుని విరిచేస్తుంది. ఆమ్లం లేకపోతే ఎంజైములు పనిచేయవు, సంచులు అరగక పేరుకుపోతాయి. ఓసుమి యీస్ట్‌లో చేసినదాన్నే మందుతో చేయడమన్నమాట. 2007లో లింఫోమా ఉన్న ఎలుకల్లో దీని అన్న క్లోరోక్విన్‌ని వైద్యానికి జోడిస్తే ఫలితం మెరుగైంది. అందరికీ ఆశ పుట్టింది.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి లెక్క అంత సూటిగా రాలేదు. ముదిరిన క్లోమ క్యాన్సర్ ఉన్న 112 మందితో చేసిన ట్రయల్ ఫలితం 2019లో వచ్చింది. సగం మందికి మామూలు కీమో, మిగతావాళ్లకి కీమోతోపాటు హైడ్రాక్సీక్లోరోక్విన్. కణితి కుదించుకుపోయినవాళ్లు మాత్ర ఉన్న గుంపులో 38 శాతం, లేని గుంపులో 21 శాతం. చాలా బాగుంది కదా? కానీ ఏడాది తరవాత బతికున్నవాళ్లు మాత్ర గుంపులో 41 శాతం, లేని గుంపులో 49 శాతం. కణితి తగ్గింది, ఆయుష్షు పెరగలేదు. ట్రయల్ అసలు లక్ష్యం ఆయుష్షే కాబట్టి, ఈ మాత్రని అందరికీ ఇవ్వొచ్చని చెప్పలేమని తేల్చారు.

ఎందుకిలా? కొన్ని కారణాలు మనమే ఊహించగలం. ఆ మాత్ర క్యాన్సర్ కణం ఏది, మంచి కణం ఏది అని చూడదు. క్యాన్సర్‌తో పోరాడే రోగనిరోధక కణాలకి కూడా ఆటోఫజీ కావాలి. కణితి లోపల సరిపడా ఆపాలంటే డోసు ఎక్కువ కావాలి, ఎక్కువకాలం పెద్ద డోసు వాడితే కంటి రెటీనా దెబ్బతినొచ్చు.

కొలత సమస్య ఇంకోటి ఉంది. కణంలో సంచులు ఎక్కువ కనపడ్డాయంటే ఆటోఫజీ పెరిగిందనా, ఆగిందనా? మన హాస్టల్ ముందు చెత్తకుండీ పొంగిపోతే రెండు కారణాలు ఉండొచ్చు. చెత్త ఎక్కువ పడుతోంది, లేదా మునిసిపాలిటీ బండి రావట్లేదు. కుండీ ఫొటో ఒక్కటి చూసి ఏదో చెప్పలేం. ఎంత వస్తోంది, ఎంత పోతోంది అనే ప్రవాహాన్ని కొలవాలి. ల్యాబ్‌లో కణాల మీద ఇది చేయొచ్చు. మంచం మీదున్న రోగి కణితిలో చేయడం కష్టం. ఏ రోగి కణితి ఆటోఫజీ మీద ఎంత ఆధారపడి ఉందో ముందే తెలుసుకోగల తేలికైన పరీక్ష వస్తే, వైద్యంలో దీనికి చోటు దొరుకుతుంది. మనలో సెన్సర్లు, ఇమేజింగ్ వైపు వెళ్లాలనుకునేవాళ్లకి ఇదొక మంచి ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్.

రెండు దారులు ఒకేసారి మూయడం ఇంకో ఆలోచన. క్లోమ క్యాన్సర్‌లో కేరాస్ సంకేతాలను మందుతో ఆపితే, ఆ కణాలు ఆటోఫజీని ఇంకా పెంచుకుంటున్నాయని 2019లో రెండు బృందాలు వేర్వేరుగా చూపించాయి. అంటే ముందు తలుపు మూస్తే పెరటి తలుపు వైపు పరిగెడుతున్నాయి. ఆ రెండో తలుపునీ కలిపి మూస్తే ఎలుకల్లో కణితులు తగ్గాయి. ఆ దారిలో మనుషుల మీద ట్రయల్స్ మొదలయ్యాయి.

చావు వైపు స్విచ్‌ని నేరుగా నొక్కడంలో మాత్రం ఇప్పటికే ఒక గెలుపు ఉంది. బీసీఎల్-2 కాపలాని పక్కకి లాగేసే వెనెటోక్లాక్స్ అనే మాత్రకి 2016 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ ఒక రకం ల్యుకేమియా కోసం అనుమతి ఇచ్చింది. 1988లో ఎలుక కణాల్లో తేలిన విషయం మాత్రగా మారడానికి 28 ఏళ్లు పట్టింది. దీనికీ లొంగని కణాలు వస్తున్నాయి. బీసీఎల్-2 కూర్చున్న చోట దాని చుట్టం ఎమ్‌సీఎల్-1 వచ్చి కూర్చుంటోంది.

ఇక ఉపవాసం సంగతి

ఇప్పుడు మొదటి మెసేజ్‌ని మీరే విడగొట్టగలరు. ఉపవాసం ఆటోఫజీని పెంచుతుందా? ఎలుకల్లో, యీస్ట్‌లో పెంచుతుందని బాగా తెలుసు. పెరిగిన ఆటోఫజీ క్యాన్సర్ కణాన్ని వెతికి తింటుందా? తినదు. ఒక కణం తన లోపలి సరుకునే తింటుంది, పక్క కణాన్ని వెళ్లి తినడం ఆటోఫజీ కాదు. మరి క్యాన్సర్ కణంలో ఆటోఫజీ పెరిగితే? మనం చూసినట్టు, అది బతకడానికి సాయం కావచ్చు. కీమోకి ముందు తిండి మార్పుల మీద డాక్టర్ల పర్యవేక్షణలో పరిశోధనలు జరుగుతున్న మాట నిజం. ఇంట్లో సొంతంగా చేసుకునే వైద్యం మాత్రం కాదు.

మా పెద్దమ్మకి కీమో నడుస్తున్నప్పుడు ఈ మెసేజ్ మా చుట్టాల గ్రూపులో తిరిగింది. అప్పటికే నోరు పూసి, అన్నం సహించక, ఆవిడ బరువు తగ్గిపోతున్నారు. “వారానికి మూడ్రోజులు నీళ్ల మీద ఉంటే మంచిదట కదరా” అని ఆవిడ నన్నడిగారు. “పెద్దమ్మా, ఆకలికి నీ కండే ముందు కరుగుతుంది, జబ్బు కాదు. డాక్టరుగారిని అడక్కుండా ఒక్కపూట కూడా మానొద్దు” అన్నాను. డాక్టరుగారూ అదే చెప్పారు, గుడ్డు, పప్పు పెంచమన్నారు. ఇది ఒక్క డాక్టరు మాట కూడా కాదు. క్యాన్సర్ రోగుల ఆహారం గురించి యూరప్ నిపుణుల సంఘం ఇచ్చిన మార్గదర్శకాలు కిలో బరువుకి రోజుకి 25 నుంచి 30 కేలరీలు, ఒక గ్రాముకి పైగా ప్రోటీన్ అందాలని చెబుతాయి. 50 కిలోల మనిషికి 1250 నుంచి 1500 కేలరీలు, 50 గ్రాములకి తగ్గని ప్రోటీన్. కీమో మధ్యలో అది తినడమే పెద్ద పోరాటం. దాని మీద ఉపవాసం కూడా పెడితే మనిషి నీరసపడతారు, మందు డోసు తగ్గించాల్సి వస్తుంది, కొన్నిసార్లు ఆపాల్సి కూడా రావచ్చు.

ఏకాదశి ఉపవాసాలు, రంజాన్ రోజాలు మన ఇళ్లల్లో ఎప్పట్నుంచో ఉన్నవే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు భక్తితో చేసేవాటి గురించి నేను మాట్లాడట్లేదు. క్యాన్సర్ వైద్యంలో ఉన్న మనిషికి నోబెల్ పేరు చెప్పి తిండి మాన్పించడం గురించే నా బాధ.

ఈసారి ఆ మెసేజ్ మీ గ్రూపులో వస్తే తిట్టకండి. పంపినవాళ్లు ప్రేమతోనే పంపుంటారు. “బాబాయ్, ఆటోఫజీ అనేది ఏ కణంలో జరిగితే ఆ కణాన్ని కాపాడుతుంది, క్యాన్సర్ కణాన్ని కూడా. తిండి గురించి డాక్టర్ని అడుగుదాం” అని రెండు ముక్కలు రాయండి. అంతకన్నా వివరంగా అడిగితే ఈ పాఠం పంపండి.